చూడని దెబ్బ

జగ్గయ్యపేటలో సమితి వారి ప్రాథమిక పాఠశాలకు దేవమణి టీచరుగా వచ్చేనాటికి ఆమెకు ఇరవై ఏళ్ళు. అది 1963 జూన్. సన్నగా, పొడుగ్గా ఉండేది. నవ్వేది తక్కువ. పిల్లల మీద చెయ్యి చేసుకునేది కాదు గాని, ఎవరైనా అబద్ధం చెబితే మాత్రం మొహం కందిపోయి, చేతిలో సుద్దముక్క పొడి అయ్యేదాకా నలిపేది. "ఈ అమ్మాయికి అబద్ధమంటే గిట్టదండీ" అని తోటి టీచర్లు మెచ్చుకునేవారు. వాళ్ళు అలా మెచ్చుకున్నప్పుడల్లా ఆమెకు లేచి బయటికి వెళ్ళిపోవాలనిపించేది.

బడి తెరిచిన రెండో రోజు ఆమె అయిదో తరగతి రిజిస్టరు ముందేసుకుని కొత్తగా చేరిన పిల్లల వివరాలు రాస్తోంది. ముందు వరసలో రెండు జడలమ్మాయి లేచి నిలబడింది.

"పేరు?"

"రత్నమణండి."

"నాన్న పేరు?"

"ప్రేమదాసండి."

దేవమణి కలం ఆగింది. తల ఎత్తకుండానే అడిగింది. "ఏం చేస్తారు?"

"రాజమండ్రిలో ఉంటాడండి."

"అక్కడేం పని?"

వెనక బెంచీలోంచి ఎవరో అందించారు. "జైల్లో ఉంటాడండీ టీచర్. వాళ్ళన్నయ్యని చంపేసాడంట."

క్లాసంతా ఆ అమ్మాయి వైపు తిరిగింది. తండ్రి వృత్తి అన్న గడిలో దేవమణి "వ్యవసాయం" అని రాసింది. రాసి, ఆ పిల్ల మొహం చూసింది. ముక్కు, కనుబొమ్మలు అచ్చం తన తండ్రివే. చంపేశారని చెబుతున్న ఆ అన్నయ్య దేవమణి తండ్రి. జైల్లో ఉన్నవాడు ఆమె సొంత బాబాయి. ఆయన్ని జైలుకు పంపిన మాట ఆమెదే.

*

ఆ ఊరు జగ్గయ్యపేటకు నాలుగు మైళ్ళు, వత్సవాయి దారిలో ఉంటుంది. కృపారావు, ప్రేమదాసు అన్నదమ్ములు. తండ్రి పోయాక ఉన్న చేనును చెరిసగం పంచుకున్నారు గాని, మధ్యలో ఉన్న మోటబావిని పంచుకోవడం కుదరలేదు. వంతులు పెట్టుకున్నారు. మెట్ట పొలం, మిరప తోట. ఎండలు ముదిరే వేళకు ఒక్క పూట తడి తప్పినా మొక్క వాలిపోతుంది. ఆ బావి దగ్గర ఇద్దరూ నోరు చేసుకోని వారం ఉండేది కాదు. అయినా ఆదివారం గుడిలో పక్కపక్కనే కూర్చునేవారు. కృపారావు భార్య ఆరోగ్యమ్మ, ప్రేమదాసు భార్య రత్తమ్మ ఒకే రోట్లో పచ్చడి నూరుకునేవారు. దేవమణికి ఈడైనవాడు ప్రేమదాసు కొడుకు వరప్రసాదరావు. ఇద్దరూ ఒకే పలక మీద అక్షరాలు దిద్దారు.

1952 మార్చిలో ఒక మధ్యాహ్నం తొమ్మిదేళ్ళ దేవమణి తండ్రికి అన్నం తీసుకుని చేనుకు వెళ్ళింది. జొన్న కొయ్యలు కాళ్ళకు గుచ్చుకోకుండా కిందికి చూసుకుంటూ నడుస్తోంది. కేకలు వినబడ్డాయి. తల ఎత్తేసరికి కేకలు ఆగిపోయాయి. బాబాయి వీపు కనబడింది. తలగుడ్డ విప్పి దులుపుకుంటూ రోడ్డు వైపు విసవిసా నడిచిపోతున్నాడు. నాన్న బావి అంచున పరిచిన బండకు ఆనుకుని కూర్చుని, తల వెనక చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. ఆమె దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి జారింది. పక్కకు ఒరిగిపోయాడు. నోరు కదిలింది గాని మాట రాలేదు.

ఆమె చూసింది అంతే.

మర్నాడు నందిగామ నుంచి మేనమామ స్తెఫను వచ్చాడు. మిషను బడిలో మేష్టారు. చెల్లెలంటే ప్రాణం. గోడకు తల బాదుకుంటున్న ఆరోగ్యమ్మను చూసి ఆయనకు పిచ్చెక్కినంత పనైంది. దేవమణిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగాడు.

"బాబాయే కదమ్మా కొట్టింది?"

"నే చూళ్ళేదు మావయ్యా. వెళ్ళిపోతుంటే చూసా."

"ఎవరూ కొట్టకుండా తలెలా పగుల్తుందే? చెప్పు. పక్కనే గడ్డపార ఉందా లేదా?"

"ఉంది."

"మరి దాంతోనే కొట్టుంటాడుగా?"

ఉంటాడేమో అనుకుంది పిల్ల. స్తెఫను దుర్మార్గుడు కాడు. తమ్ముడే అన్నను చంపాడని మనసా వాచా నమ్మాడు. సాక్ష్యం లేక వాడు దర్జాగా ఇంటికొచ్చేస్తాడేమోనన్నదే ఆయన భయం. అందుకని సాయంత్రం ప్రార్థన కాగానే, పిల్లలకు బైబిలు వాక్యాలు కంఠతా పట్టించే పద్ధతిలోనే, ఆ మాటలూ పట్టించాడు. తల వెనక ఒకటే గాయమని డాక్టరు రాశాడు గనుక ఒకటే దెబ్బ అని చెప్పాలి. ఏ చేత్తో? కుడి చేత్తో. నాన్న ఏమన్నాడు? తమ్ముడా వద్దురా అన్నాడు. ఆరు నెలలు అదే పాఠం. చివరికి ఆమె కళ్ళు మూసుకుంటే గడ్డపార లేవడం, దిగడం నిజంగానే కనబడేది.

కోర్టులో జడ్జిగారు ముందు మంచిగా అడిగారు. "అబద్ధం చెబితే ఏమవుతుంది పాపా?"

"దేవుడు నరకంలో వేస్తాడండి."

ఆయన సరేనన్నట్టు తలూపి రాసుకున్నారు. ఆ తరవాత ఆమె నేర్చుకున్నదంతా ఒక్క తడబాటు లేకుండా చెప్పింది. బోనులోంచి ప్రేమదాసు "అమ్మడూ" అన్నాడు. పక్కనున్న జవాను ఆయన నోరు మూయించాడు. యావజ్జీవం పడింది. ఒక్క తోపు తోశాడు గాని కొట్టలేదని ఆయన తరఫు వకీలు మొత్తుకున్నది ఎవరికీ పట్టలేదు.

అప్పటికి రత్తమ్మ కడుపుతో ఉంది. తీర్పు వచ్చిన నెలకు ఆడపిల్ల పుట్టింది. అప్పీలు కోసం తమ వాటా చేను అమ్మేసి, ఆ అప్పీలూ పోయాక, ఇద్దరు పిల్లల్ని తీసుకుని జగ్గయ్యపేట చేరి మిరపకాయల తొడిమలు తీసే పనిలో కుదిరింది. ఆరోగ్యమ్మ కూతురితో నందిగామలో అన్న ఇంటికి పోయింది. ఊళ్ళో బంధువులు రెండు జట్లయ్యారు. గుడిలో ఆ జట్టు ఆ గోడ పక్కన, ఈ జట్టు ఈ గోడ పక్కన. ఒకరి చావుకు ఒకరు రాలేదు. ఆరోగ్యమ్మ వాటా చేను దున్నేవాడు లేక ముళ్ళకంప మొలిచింది. అన్నదమ్ములు కొట్టుకు చచ్చిన ఆ బావిలో మట్టి జారి జారి, చివరికి మేకపిల్ల దిగి ఎక్కేంత లోతు మిగిలింది.

వరప్రసాదరావు పదిహేడేళ్ళకే సాగర్ డ్యాము పనులకు వెళ్ళిపోయాడు. అక్కడ తండ్రి పేరు అడిగితే వేరే పేరు చెప్పాడని, అప్పట్నుంచీ ఇంటికి ఉత్తరం కూడా రాయడం లేదని అందరూ చెప్పుకున్నారు.

*

ఆ వారం తిరక్కుండానే రత్తమ్మ బడికి వచ్చింది. కారం ఘాటు ఆమె కంటే ముందు వచ్చింది. వరండాలో నిలబడి, లోపలికి కూడా రాకుండా అంది.

"నువ్వేనంటగా టీచరమ్మవి. నా పిల్లకి నువ్వు చదువు చెప్పొద్దు."

"పిన్నీ..."

"ఆ వరస నీ నోట రానీకు. నీ నోటితో చెప్పిన ముక్కలు చాలు మా కొంపకి. వేరే సెక్షనులో వేస్తారా, మాన్పించెయ్యమంటారా?"

అయిదో తరగతికి ఒకటే సెక్షను. దేవమణి హెడ్మాస్టరు వెంకటరత్నంగారి దగ్గరికి వెళ్ళి, తనకు మూడో తరగతి ఇప్పించమని అడిగింది.

"ఎందుకమ్మా? అయిదో తరగతికి నువ్వయితే బావుంటుందని నేనే వేయించా."

"నాకు చిన్నపిల్లలయితే సుళువండి."

ఇదీ ఒక అబద్ధమే. నిజం చెబుదామని నోరు తెరిచిన ప్రతిచోటా ఇంకో అబద్ధమే వస్తోందని ఆమెకు తన మీదే ఒళ్ళు మండింది. గోడ అవతల అయిదో తరగతిలో రత్నమణి పద్యం అప్పజెబుతుంటే, ఇవతల మూడో తరగతి పిల్లల ఎక్కాల గోలలో ఆ గొంతును వెతుక్కునేది.

ఆ ఆదివారం బస్సెక్కి నందిగామ వెళ్ళింది. అన్న ఇంటి పక్క వాటాలో ఉంటున్న ఆరోగ్యమ్మ వాకిట్లో కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది.

"అమ్మా, ప్రేమదాసు బాబాయి కూతురు మా బళ్ళో చదువుతోంది."

ఆరోగ్యమ్మ చెయ్యి చేటలో ఆగింది. "ఎలా ఉంటుంది?"

"నాన్న ముక్కే."

ఆరోగ్యమ్మ మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. రాళ్ళు, పప్పు తేడా లేకుండా పారేస్తోంది. దేవమణి పదకొండేళ్ళుగా మింగుతున్న మాట బయటపెట్టింది.

"అమ్మా, నేను దెబ్బ చూళ్ళేదు. కోర్టులో చెప్పింది అబద్ధం."

"తెలుసు."

"ఏంటి?"

"తెలుసంటున్నాగా. మీ మావయ్య నీకు నేర్పేటప్పుడు నేను పక్క గదిలోనేగా ఉంది. చెవులు లేవా నాకు?"

"మరి ఎందుకూరుకున్నావమ్మా? ఒక్క మాట అంటే..."

"నాకు మొగుడు లేడు. రత్తమ్మకుండటం చూళ్ళేకపోయా." ఆరోగ్యమ్మ చేటను నేలకేసి కొట్టింది. పప్పు వాకిలంతా చెదిరింది. "తోసాడో, కొట్టాడో, నాకెందుకది? పొద్దున లేచెళ్ళిన మనిషి పీనుగై వచ్చాడు. ఆ లెక్కలు నువ్వు చూసుకో. చదువుకున్నావుగా!"

దేవమణి వంగి పప్పు ఏరింది. ఇన్నేళ్ళూ తల్లికి తెలియకుండా దాచుకున్నానని కుమిలిపోయింది. తల్లి ఆ కుమిలిపోవడాన్ని పక్కనే కూర్చుని చూస్తూ ఊరుకుంది.

స్తెఫను దగ్గరికి వెళితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"అప్పుడు నువ్వు పిల్లవి. ఇప్పుడు ఉద్యోగస్తురాలివి. అబద్ధపు సాక్ష్యం చెప్పానని నీ చేత్తో రాసిస్తే ముందు నీ నౌకరీ పోద్ది, తరవాత నన్ను తీసుకెళ్తారు. తోసినా మనిషి పోయాడా లేదా?"

"తోస్తే నాలుగేళ్ళో అయిదేళ్ళో పడేది మావయ్యా. పదకొండేళ్ళయింది ఇప్పటికి."

"ఇంకెంత, మూడేళ్ళలో వచ్చేస్తాడు" అన్నాడు స్తెఫను.

ఆ "ఇంకెంత" అన్న మాటకు దేవమణి చెప్పులు కూడా తొడుక్కోకుండా రోడ్డు మీదికి వచ్చేసింది.

*

నందిగామలో కొత్తగా బోర్డు పెట్టిన భవానీప్రసాద్ అనే వకీలు ఆమె చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. విని, చేతులు రెండూ బల్ల మీద బోర్లా పెట్టాడు.

"హైకోర్టు అప్పీలు కొట్టేసి పదేళ్ళు దాటిందమ్మా. సాక్షికి ఇప్పుడు మనసు మారింది, కేసు మళ్ళీ తెరవండి అంటే తెరవరు. అందుకు ఏ కాగితం పెట్టాలో కూడా నాకు తెలీదు."

"మరి నేనెవరికి చెప్పాలండీ?"

"శిక్ష తగ్గించమని ప్రభుత్వానికి ఒక అర్జీ పెట్టి చూడండి. అందులో సాక్ష్యం సంగతి రాయకండి. ఖైదీకి సంసారం ఉంది, దయ చూపండి అని మాత్రం రాయండి."

ఆ సంగతి రాయకుండా ఇంకేం రాయాలి? ఆమె రాసింది. మూడు పేజీలు. తాను చూసింది ఇది, చెప్పింది ఇది అని విడివిడిగా రాసి, సంతకం చేసి, రిజిస్టరు పోస్టులో హైదరాబాదు పంపింది. ఉద్యోగం పోతే పోయిందనుకుంది. పోలీసులు వస్తారని నెల రోజులు వాకిలి వైపు చూస్తూనే ఉంది. ఎవరూ రాలేదు. అయిదు నెలలకు, మీ అర్జీ తగిన శాఖకు పంపడమైనది అని ఒక కార్డు వచ్చింది. ఆమె గుర్తుచేస్తూ మళ్ళీ రాసింది. ఎనిమిది నెలలకు, ఖైదీకి మీరు ఏమవుతారో తెలియజేయవలెను అని వచ్చింది. "మరణించినవారి కూతురిని, ఖైదీకీ కూతురి వరస" అని రాసింది. బంధుత్వము స్పష్టముగా లేదు అని జవాబొచ్చింది.

ఆ కాగితం పట్టుకుని దేవమణి నవ్వింది. నవ్వు ఆగలేదు. పక్క గదిలో అద్దెకుంటున్న కమలాకుమారి అనే నర్సు పరిగెత్తుకొచ్చి మంచినీళ్ళిచ్చింది.

ఈ మధ్యలో మైలవరం నుంచి ఒక సంబంధం వచ్చింది. కుర్రాడు టీచరే. అంతా కుదిరిందనుకున్నాక వాళ్ళ పెద్దాయన, "బాబాయిని జైలుకు పంపిన పిల్ల ఈ అమ్మాయేనటగా. రేపు మా ఇంట్లో చిన్న మాటొస్తే?" అన్నాడు. ఆరోగ్యమ్మ ఆయన్ని తిట్టిపోసింది. దేవమణికి మాత్రం ఆయన అన్నదాంట్లో తప్పు కనబడలేదు.

1966 ఏప్రిల్‌లో ఆఖరి జవాబు వచ్చింది. సదరు ఖైదీ ఫిబ్రవరిలోనే విడుదలైనందున మీ అర్జీపై చర్య అవసరము లేదు. అంతకు ముందు వారమే ఆమె బజార్లో రత్నమణిని చూసింది. హైస్కూలుకు వెళ్ళే పిల్లయింది. ఎప్పటిలాగే అవతలి పక్కకు తప్పుకుపోయింది. తండ్రి ఇంటికొచ్చాడని చెప్పడానికి ఆ పిల్లకు ఈమె ఎవరు?

*

మిరప కళ్ళాల వెనక వీధిలో ఒకే గది ఇల్లు. ప్రేమదాసు గడప పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు. దేవమణికి గుర్తున్నది నల్లటి జుట్టు, గట్టి వీపు. ఇక్కడున్నది ముందు పళ్ళు లేని, బట్టతల ముసలాడు. యాభై కూడా నిండలేదు.

రత్తమ్మ ఆమెను చూడగానే లేచింది. "ఎంత ధైర్యం!"

"ఉండవే" అన్నాడు ప్రేమదాసు. "ఎవరూ?"

"నేను బాబాయ్. మణిని."

ఆయన కూర్చోమనలేదు, పొమ్మనలేదు. దేవమణి నిలబడే చెప్పింది. జొన్న కొయ్యలు, కేకలు, వీపు, బండకు ఆనుకుని కూర్చున్న నాన్న. మావయ్య నేర్పిన గడ్డపార. తానిన్నాళ్ళూ రాసిన అర్జీలు. చెబుతుంటే లోపల తలుపు వెనక రత్నమణి వచ్చి నిలబడింది.

"కూర్చునున్నాడా?" అన్నాడు ప్రేమదాసు.

"ఎవరు?"

"అన్నయ్య. నువ్వొచ్చేసరికి కూర్చునే ఉన్నాడా?"

"ఉన్నాడు బాబాయ్."

ఆయన రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకున్నాడు. "కోర్టులో నువ్వంత గట్టిగా చెబుతుంటే, కొట్టానేమోనని నాకే అనుమానమొచ్చింది అమ్మడూ. కోపంలో నాకు తెలీకుండా కొట్టానేమోనని. పద్నాలుగేళ్ళూ ఆ గడ్డపార ఎత్తి చూసుకుంటూనే ఉన్నా. ఇప్పుడొచ్చి లేదంటావేంటి?"

"నిజం చెప్పాలని..."

"ఇన్నాళ్ళూ చేసినదానికే శిక్ష పడిందిలే అని తిండి తిన్నా. నిద్రపోయా. ఇప్పుడు నేనెవరిమీద ఏడవాలి? తొమ్మిదేళ్ళ పిల్లమీదా?" ఆయన గొంతు పెద్దదైంది. "చెప్పకుండా ఉండలేకపోయావా?"

దేవమణి క్షమించమని అడగడానికే వచ్చింది గాని, ఆ మాట అడిగితే ఆయన నెత్తిన ఇంకో బరువు పెట్టినట్టే అనిపించి నోరు రాలేదు. రత్నమణి తలుపు వెనక నుంచి బయటికొచ్చి, "మా నాన్న చంపలేదా?" అంది. తల్లి వైపు తిరిగింది. "అయితే బళ్ళో నేను పడ్డ మాటలో?" అంది మళ్ళీ. రత్తమ్మ కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి లాగి తలుపు వేసింది.

దేవమణి వీధి మలుపు దాటుతుండగా వెనక నుంచి ప్రేమదాసు వచ్చాడు. ఆయాసపడుతున్నాడు.

"ఒదినకి తెలుసా ఇది?"

"తెలుసు బాబాయ్."

"నన్నొకసారి తీసుకెళ్ళు. తోసింది నిజం. ఆ ముక్క నేనెవరికీ నా నోటితో చెప్పుకోలేదు. వకీలు చెప్పాడు, నేనెక్కడ చెప్పా?"

మర్నాడు ఆదివారం. ఇద్దరూ పదిగంటల బస్సులో నందిగామ వెళ్ళారు. దారంతా ఆయన కిటికీలోంచి చేలు చూస్తూ, ఇది పత్తి కదా, ఇక్కడ జొన్న వేసేవాళ్ళు కదా అని అడుగుతూనే ఉన్నాడు. నందిగామలో బస్సు దిగాక మాట్లాడడం మానేశాడు.

ఆరోగ్యమ్మ గుడి నుంచి అప్పుడే వచ్చి తాళం తీస్తోంది. వాకిట్లో మనిషిని చూసి, గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. అక్కడి నుంచి కదల్లేదు.

"ఒదినా, తోసా. ఆ బండ మీద పడ్డాడు. కోపమొచ్చి తోసా" అన్నాడు ప్రేమదాసు.

"తోసాక తిరిగి చూసావా?"

ఎండలో ఆయన బట్టతల మీద చెమట కారుతోంది. "చూళ్ళేదు ఒదినా. తిట్టాడు. తిడుతున్నాడుగా, బానే ఉన్నాడనుకుని వెళ్ళిపోయా."

"చూసుంటే బతికేవాడు."

"ఏమో. బతికేవాడేమో."

"అయితే ఇంక ఎందుకొచ్చావు?" అని ఆరోగ్యమ్మ తలుపు వేసేసింది. దేవమణి తలుపు తట్టింది. అమ్మా అని పిలిచింది. అరచేత్తో బాదింది. ఇరుగుపొరుగు బయటికొచ్చి చూస్తున్నారని ప్రేమదాసే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. జైలు నుంచి వచ్చాక ఆయన ఆమెను తాకింది అదొక్కసారే.

బస్టాండులో గంటన్నర నిలబడ్డారు. రెండు బస్సులు జనంతో కిటకిటలాడుతూ ఆగకుండా పోయాయి. మూడోదానిలో ఆయన్ని ఎక్కించింది. మళ్ళీ రమ్మని ఆయన అనలేదు. రానని ఆమె అనలేదు.

ఆమె ఇంటికి తిరిగొచ్చేసరికి తలుపు తీసే ఉంది. ఆరోగ్యమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. దేవమణి పుల్లలు పేర్చి, నిప్పు చేసి, ఎసరు పెట్టింది. అన్నం వార్చి కంచం ముందు పెట్టాక ఆరోగ్యమ్మ అడిగింది.

"ముందు పళ్ళు ఊడిపోయాయేం వాడికి?"

"నాకేం తెలుసమ్మా. అడగలేదు."

"రత్తమ్మ బాగుందా?"

దేవమణికి ఒక్కసారిగా ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. "ఆయన వాకిట్లో నిలబడ్డప్పుడు అడగొచ్చుగా ఆ మాట! బస్టాండులో గంటన్నర నిలబడ్డాం ఎండలో. అడగొచ్చుగా!"

"నోరు రాలేదే" అంది ఆరోగ్యమ్మ. కంచం దగ్గరికి జరుపుకుని, తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. దేవమణి రెండో కంచం కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్ళాలి. మూడో తరగతి పిల్లలకు పరీక్షలు మొదలవుతున్నాయి.